డాంకాస్టరా, స్విండనా? మధ్యలో బిట్రగుంట

మొదటి రోజు: స్విండన్

మా మామయ్య 1960లో బిట్రగుంట లోకో షెడ్డులో క్లీనరుగా చేరాడు. ఇంజన్లు తుడిచాడు, బొగ్గు వేశాడు, ఫైర్‌మన్ అయ్యాడు, డ్రైవర్ అయ్యాడు, చివరి పదిహేనేళ్లు డీజిల్ నడిపి రిటైరయ్యాడు. డీజిల్ సంగతి అడిగితే "అదీ ఉద్యోగమే" అంటాడు. అంతకు మించి ఒక్క మాట రాదు. 2018 మే నెలలో రెడింగ్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు ఆయన వయసు డెబ్బై ఎనిమిది. "లండన్‌లో ఏం చూస్తావు మామయ్యా?" అని అడిగాను. "మన ఇంజన్లు పుట్టిన ఊళ్లు చూపించు, చాలు" అన్నాడు.

ఆ మాటతో నాకు ఇద్దరు పెద్దవాళ్లు గుర్తొచ్చారు. ఒకాయన పదహారో ఏట స్విండన్ వర్క్‌షాపులో అప్రెంటిసుగా చేరి, 1986లో అది మూతపడేదాకా ఫిట్టరుగా పనిచేశారు. రెండో ఆయన డాంకాస్టర్‌లో పుట్టి పెరిగారు. అకౌంటెంటుగా బతికినా ప్రాణం అక్కడి వర్క్‌షాపులోనే ఉంది. దాన్ని ఆ ఊరివాళ్లు ఒట్టి 'ప్లాంట్' అంటారు. లోకంలో ఇంకో ప్లాంట్ లేనట్టు. ఇద్దరి స్నేహానికి ముప్పై ఏళ్లు, వాళ్ల వాదనకూ ముప్పై ఏళ్లే. ఏ వర్క్‌షాపు ఇంజను గొప్పది? పేర్లు రాయవద్దన్నారు కాబట్టి స్విండన్ పెద్దాయన, డాంకాస్టర్ పెద్దాయన అనే పిలుస్తాను.

వాదన మూలం తెలియాలంటే ఒక సంగతి చెప్పాలి. 1948లో రైల్వేలు ప్రభుత్వపరం అయ్యేదాకా ఇక్కడి పెద్ద కంపెనీలు తమ ఇంజన్లను చాలావరకు తమ వర్క్‌షాపుల్లోనే కట్టుకునేవి. గ్రేట్ వెస్టర్న్‌కు స్విండన్, లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్‌కు డాంకాస్టర్, లండన్ మిడ్‌ల్యాండ్ అండ్ స్కాటిష్‌కు క్రూ. మన దగ్గర ఊరి పేరే ఇంటిపేరు అయినట్టు, వీళ్లకు ఇంజను ఇంటిపేరు వర్క్‌షాపు.

1843లో మొదలైన స్విండన్ వర్క్‌షాపులో కొంత భాగం ఇప్పుడు మ్యూజియం. పక్కనే ఉన్న పెద్ద షెడ్లలో బట్టల దుకాణాలు. మామయ్య ఆ ఇటుక గోడలను, వాటి మీద వేలాడుతున్న తగ్గింపు ధరల బోర్డులను మార్చి మార్చి చూశాడు. "బాయిలర్లు కట్టిన చోట బనియన్లు అమ్ముతున్నారా!" అన్నాడు. నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. ప్రాస పోయింది కానీ స్విండన్ పెద్దాయనకు బాధ అర్థమైంది.

లోపల 'కెర్ఫిల్లీ కాసిల్' ఉంది. కాసిల్ అనే తరగతిలో 1923లో ఇక్కడే కట్టిన మొదటి ఇంజను. ముదురాకుపచ్చ ఒళ్లు, పొగగొట్టానికి రాగి అంచు. అసలు విశేషం కింద ఉంది. పట్టాల మధ్య గుంత తవ్వి, ఇంజను పొట్ట కింద నుంచి నడిచి వెళ్లేలా దారి పెట్టారు. నేను తల వంచుకుని గబగబా దాటేశాను. మామయ్య బయటికి రాలేదు. వెళ్లి చూస్తే, మధ్యలో నిలబడి మెడ వెనక్కి వంచి ఒక్కొక్క రాడ్డునూ చూపుతో తడుముతున్నాడు. కాసిల్‌కు నాలుగు సిలిండర్లు. రెండు బయట, రెండు చట్రాల మధ్య. సిలిండర్లకు ఆవిరిని వదిలే వాల్వులను నడిపే కడ్డీలన్నీ లోపలే.

"వీటికి నూనె ఎవరు పోస్తారు?" అని అడిగాడు.

"డ్రైవర్. పైనుంచో కిందనుంచో లోపలికి దూరి" అన్నారు స్విండన్ పెద్దాయన గర్వంగా.

"వానలో కూడా?"

"వానలో కూడా."

మామయ్య నా వైపు తిరిగాడు. "మన డబ్ల్యూజీ గూడ్సు ఇంజనుకు రెండే సిలిండర్లురా. రెండూ బయటే. నూనె డబ్బా పట్టుకుని చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తే పని అయిపోయేది. దీన్ని గీసినవాడు ఎన్నడూ నూనె పోసి ఉండడు."

ఈ ఒక్క మాట అనువదించకుండా దాచుకున్నాను.

టీ దగ్గర అసలు పంచాయితీ మొదలైంది. 1924లో వెంబ్లీలో జరిగిన సామ్రాజ్య ప్రదర్శనలో ఈ కెర్ఫిల్లీ కాసిల్‌నూ, డాంకాస్టర్ నుంచి వచ్చిన 'ఫ్లయింగ్ స్కాట్స్‌మన్'నూ పక్కపక్కన నిలబెట్టారు. చూపులకు డాంకాస్టర్ ఇంజనే భారీ. కానీ బ్రిటన్‌లో అన్నిటికన్నా శక్తిమంతమైన ఎక్స్‌ప్రెస్ ఇంజను తనదేనని స్విండన్ బోర్డు పెట్టుకుంది. లెక్క ప్రకారం లాగే బలం కాసిల్‌కు 31,625 పౌండ్లు, స్కాట్స్‌మన్ తరగతికి 29,835 పౌండ్లు. ఈ రెండంకెలూ స్విండన్ పెద్దాయన నోట మంత్రంలా వచ్చాయి.

"అది కాగితం మీది బలం" అన్నారు డాంకాస్టర్ పెద్దాయన.

"సరే, పట్టాల మీద చూద్దాం. 1925లో ఇంజన్లు మార్చుకుని పరీక్ష పెట్టారు కదా, ఏమైంది?"

డాంకాస్టర్ పెద్దాయన కప్పు కింద పెట్టారు. ఏమైందో అందరికీ తెలుసు. స్విండన్ వారి 'పెండెనిస్ కాసిల్' వెళ్లి లండన్ కింగ్స్ క్రాస్ స్టేషను నుంచి డాంకాస్టర్ వాళ్ల బళ్లనే లాగింది, తక్కువ బొగ్గుతో. ఆ దెబ్బకు డాంకాస్టర్ ఇంజన్లు గీసే నైజెల్ గ్రెస్లీ తన వాల్వుల కదలిక పొడవు పెంచుకున్నాడు.

"నేర్చుకున్నాం, ఒప్పుకుంటాను" అన్నారాయన. "నేర్చుకుని పదమూడేళ్లలో 'మల్లార్డ్' చేశాం. మీరు నేర్పి అక్కడే కూర్చున్నారు."

రెండో రోజు: కింగ్స్ క్రాస్ నుంచి యార్క్

ఈ రోజు డాంకాస్టర్ పెద్దాయనది. రైలు పీటర్‌బరో దాటగానే జేబులోంచి చేతిలో పట్టేంత నంబర్ల పుస్తకం తీశారు. ప్రతి ఇంజను నంబరూ వరుసగా అచ్చు వేసి ఉంది. కళ్లారా చూసిన నంబరు కింద స్కేలు పెట్టి గీత గీయడం ఇక్కడి రైలు పిచ్చివాళ్ల ఆచారం. చూడనిదాని కింద గీత గీయడం దొంగతనం కన్నా హీనం. ఆయన ఎనిమిదో ఏట మొదలుపెట్టిన గీతలట అవి, కొన్ని వంకరగా ఉన్నాయి.

లిటిల్ బైథమ్ దగ్గర ఆయన కిటికీకి ముక్కు ఆనించి "ఇప్పుడు, ఇప్పుడు" అన్నారు. పట్టాల పక్కన ఒక బోర్డు మెరిసి మాయమైంది. 1938 జూలై 3న మల్లార్డ్ గంటకు 126 మైళ్లు, అంటే దాదాపు 203 కిలోమీటర్లు అందుకున్న చోటు. ఆవిరి ఇంజన్లలో ఇప్పటికీ అదే ప్రపంచ రికార్డు. మేము ఎక్కుతున్న స్టోక్ వాలు మీదుగా అది ఎదురు దిశలో, కిందికి వచ్చింది.

"కిందికి వస్తే ఎడ్లబండి కూడా పరుగెడుతుంది" అన్నారు స్విండన్ పెద్దాయన, పేపరులోంచి తల ఎత్తకుండా. గ్రెస్లీ తానే 125కు మించి ఒప్పుకోలేదనీ, జర్మన్ ఇంజను 1936లో ఇంచుమించు సమతలం మీద 200 కిలోమీటర్లు దాటిందనీ ఆయన వాదన. డాంకాస్టర్ పెద్దాయన జవాబుగా ఇంకో ఇంజనును లాగారు. 1903లో స్విండన్‌లో కట్టిన 'సిటీ ఆఫ్ ట్రూరో' మరుసటి ఏడాది వంద మైళ్లు దాటిందని మీవాళ్లు చెప్పుకుంటారే, అదీ వెల్లింగ్టన్ వాలు మీద కిందికి వస్తూనే కదా, పైగా ఆ లెక్క మీద ఈనాటికీ తగువే కదా అన్నారు. గ్రంథమ్ వచ్చేదాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు.

యార్క్ మ్యూజియంలో మల్లార్డ్ నీలంగా, నున్నగా, నీటిలోంచి అప్పుడే లేచినట్టు ఉంది. మామయ్య మొదటి ప్రశ్న ఎవరూ ఊహించనిది.

"ఆ రోజు బొగ్గు వేసిందెవరు?"

పుస్తకాల్లో డ్రైవర్ జో డడింగ్‌టన్ పేరు ముందుంటుంది. డాంకాస్టర్ పెద్దాయన ముఖం వెలిగిపోయింది. "టామీ బ్రే. మా ఊరి షెడ్డు మనిషే."

"ఒక్కడేనా?"

"ఒక్కడే."

మామయ్య టోపీ తీశాడు. మన దగ్గర పెద్ద ఇంజన్ల మీద ఇద్దరు ఫైర్‌మన్లు ఉండేవారు. ఒకడు బొగ్గు పగలగొట్టి ముందుకు తోస్తుంటే ఇంకొకడు పొయ్యిలో వేయాలి. పారతో వేసే బొగ్గు పొయ్యి నోట్లో కుప్పగా పడకూడదు, అంతటా పలచగా పరుచుకోవాలి. మూలలకు ఎక్కువ, నడుమ తక్కువ. ఆ ఊపు ఎలా ఉంటుందో మామయ్య రైలింగు పక్కన నిలబడి ఖాళీ చేతులతో చూపించాడు. నడుము తిరగలేదు కానీ మణికట్టు తిరిగింది. అటుగా వెళ్తున్న బడి పిల్లలు ఆగి చూశారు.

తరువాత డాంకాస్టర్ పెద్దాయన చెప్పిన కథ నాకు ఈ యాత్రలో అన్నిటికన్నా నచ్చింది. మల్లార్డ్‌కు మూడు సిలిండర్లు. మధ్యది లోపల ఉంటుంది, పరుగులో దాన్ని ఎవరూ చూడలేరు. అందుకని ఆ మధ్య రాడ్డు పెద్ద బేరింగులో సోంపు వాసన వచ్చే గొట్టం ఒకటి పెట్టారు. బేరింగు కాగితే అది పగిలి డ్రైవర్‌కు సోంపు వాసన తగలాలి. రికార్డు పరుగులో ఆ వాసన రానే వచ్చింది. బేరింగు లోహం కరిగిపోయింది. మల్లార్డ్ పీటర్‌బరో దాకా మెల్లగా వచ్చి ఆగింది, అక్కడి నుంచి బండిని లండన్ చేర్చింది ఒక పాత ఇంజను.

"చూశావా, లోపల దాచింది కాలిపోతుంది" అన్నాడు మామయ్య నాతో. "నిన్న చెప్పలేదూ?" ఈసారి అనువదించాను. ఇద్దరు పెద్దలూ ఒకే వైపు చేరి ఆయన మీద పడ్డారు. మూడు, నాలుగు సిలిండర్లు ఉంటే పరుగు ఎంత సాఫీగా ఉంటుందో, పట్టాల మీద దెబ్బ ఎంత తగ్గుతుందో అరగంట చెప్పారు. మామయ్య అంతా విని, "నూనె?" అన్నాడు.

క్రూ వర్క్‌షాపు తరఫున మాలో ఎవరూ లేరు. అన్యాయమనిపించి ఆ పక్షం నేను తీసుకున్నాను. ఎర్రటి 'డచెస్ ఆఫ్ హామిల్టన్' అక్కడే ఉంది, 1938లో క్రూలో కట్టింది. దీని జాతికే చెందిన 'కొరోనేషన్' 1937 జూన్ 29న 114 మైళ్లు అందుకుని, క్రూ స్టేషను మరీ దగ్గరపడ్డాక బ్రేకులు వేసింది. గంటకు ఇరవై మైళ్లు మించకూడని మలుపుల్లోకి యాభై ఏడుతో దూసుకొచ్చింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. భోజనాల పెట్టెలో పింగాణీ మాత్రం బతకలేదు. ఇంత చెప్పి గెలిచాననుకుంటే, దాన్ని గీసిన విలియమ్ స్టానియర్ 1932 దాకా స్విండన్ మనిషేనని స్విండన్ పెద్దాయన గుర్తు చేశారు. నా పక్షం పది నిమిషాలు నిలబడింది.

సాయంత్రం 'ఈవెనింగ్ స్టార్' దగ్గర మాత్రం వాదన లేదు. 1960 మార్చిలో స్విండన్ నుంచి వచ్చిన ఈ ఇంజను బ్రిటిష్ రైల్వేస్ కట్టిన ఆవిరి ఇంజన్లలో చివరిది. గూడ్సు ఇంజనే అయినా ఆకుపచ్చ రంగు వేసి, పొగగొట్టానికి రాగి అంచు తొడిగి పంపారు. అయిదేళ్లకే పక్కన పెట్టేశారు. పది చోదక చక్రాలు, రెండే సిలిండర్లు, రెండూ బయటే. "ఇదీ ఇంజను" అన్నాడు మామయ్య. మనకూ ఇలాంటిది ఒకటుందని చెప్పాను. చిత్తరంజన్‌లో 1970లో కట్టిన చివరి బ్రాడ్‌గేజ్ ఆవిరి ఇంజను, పేరు 'అంతిమ్ సితారా'. అదీ చుక్కే, అదీ డబ్ల్యూజీయే. స్విండన్ పెద్దాయన ఆ పేరు రెండుసార్లు పలికి చూసుకున్నారు.

మూడో రోజు: మాంచెస్టర్

రెండు రోజులుగా ఒకటి గమనించాను. వాదనలో స్విండన్, డాంకాస్టర్, క్రూ తప్ప నాలుగో పేరు రావడం లేదు. అవన్నీ సొంత పట్టాల కోసం కట్టుకున్నవి. మన దేశానికి ఓడలెక్కి వచ్చిన ఇంజన్లలో చాలా భాగం అమ్మకానికి కట్టే ప్రైవేటు కంపెనీలవి. మాంచెస్టర్‌లో బెయర్ పీకాక్, న్యూటన్ లే విల్లోస్‌లో వల్కన్ ఫౌండ్రీ, గ్లాస్గోలో నార్త్ బ్రిటిష్. ఇక్కడి వాదనల్లో వాటికి కుర్చీ వేయరు.

మాంచెస్టర్ సైన్స్ మ్యూజియంలో అందరూ చూసేది గ్యారట్ ఇంజనును. రెండు ఇంజన్ల మధ్య ఒక లావాటి బాయిలర్‌ను ఊయలలా వేలాడదీసిన ఆకారం. దక్షిణాఫ్రికా కోసం 1929లో ఇక్కడి బెయర్ పీకాక్ కట్టింది. అదే కంపెనీ మన బెంగాల్ నాగపూర్ రైల్వేకూ గ్యారట్లు కట్టి పంపింది, ఢిల్లీ రైలు మ్యూజియంలో ఒకటి ఉంది. మన వాల్తేరు దాకా పట్టాలున్న రైల్వే అది.

మామయ్య గ్యారట్ దాకా రాలేదు. దారిలో పాకిస్తాన్ రైల్వే ఇంజను 3157 దగ్గర ఆగిపోయాడు. దాని పేరు చదవలేదు, బోర్డు చూడలేదు. పట్టాల మధ్య ఎడం మాత్రం చూశాడు.

"ఒరేయ్, ఇది అయిదడుగుల ఆరంగుళాలు. మన గేజీరా."

నిజమే. 1911లో వల్కన్ ఫౌండ్రీ కట్టింది, అవిభక్త భారతదేశపు నార్త్ వెస్టర్న్ రైల్వే కోసం. నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాల పట్టాల దేశంలో మూడు రోజులు తిరిగినవాడికి ఆ వెడల్పు సొంత ఇంటి గుమ్మంలా కనిపించి ఉంటుంది. అక్కడున్న బల్ల మీద కూర్చుని, తెచ్చుకున్న పులిహోర డబ్బా తీశాడు. మ్యూజియంలో తినకూడదని చెప్పేలోగా స్విండన్ పెద్దాయన చెయ్యి చాచారు.

ఆయన అక్కడి నుంచి వెనక్కి వెళ్లిపోయారు, మోకాళ్లు సహకరించడం లేదట. వెళ్తూ వెళ్తూ, "నూనె మాట నిజమే. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ నా చొక్కాలు వేరుగా ఉతికేది" అన్నారు మామయ్యతో.

నాలుగో రోజు: షాప్ కొండ ఎక్కుతూ

రాయడానికి పెద్దగా లేదు. వాన. ప్రెస్టన్, లాంకస్టర్ దాటాక షాప్ ఎత్తు వచ్చింది. 916 అడుగులు, 75 అడుగులకు ఒక అడుగు ఎక్కే వాలు. ఆవిరి రోజుల్లో బరువైన బళ్లకు వెనక నుంచి తోసే ఇంజన్లు టీబే దగ్గర కాచుకుని ఉండేవట. మా కరెంటు రైలుకు అది ఎత్తు అన్న సంగతే తెలియలేదు. మామయ్య వాచీ చూసి, "ఏమీ వినపడలేదు" అన్నాడు నిరాశగా.

అయిదో రోజు: గ్లాస్గో

క్లైడ్ నది ఒడ్డున రివర్‌సైడ్ మ్యూజియంలో ఒక భారీ నల్ల ఇంజను ఉంది. దక్షిణాఫ్రికా 15ఎఫ్ తరగతి, నంబరు 3007. 1945లో ఈ ఊళ్లోనే నార్త్ బ్రిటిష్ కంపెనీ కట్టింది. అరవై ఏళ్లు పరదేశంలో ఉండి 2007లో పుట్టింటికి వచ్చింది. నది వెంట కాస్త నడిస్తే ఫినిస్టన్ క్రేన్ కనిపిస్తుంది. 1932 నాటిది, 175 టన్నులు ఎత్తేది. కట్టిన ఇంజన్లను ఊరి వీధుల గుండా లాక్కొచ్చి ఈ క్రేనుతో ఓడల్లోకి దించేవారు. మామయ్య దాని కింద నిలబడి, నేను తీసే ఫోటోలో తల నుంచి కొక్కెం దాకా రావాలని పట్టుబట్టాడు. నేను నేల మీద పడుకోవలసి వచ్చింది.

అక్కడే ఆయన ఒక మాట చెప్పాడు, ఇన్నేళ్లలో నాకు చెప్పనిది. క్లీనరుగా ఉన్నప్పుడు కాటన్ వేస్టును కిరోసిన్‌లో ముంచి మొదట తుడిచేది కంపెనీ బిళ్లనట. ఎనిమిదో తరగతి ఇంగ్లీషుతో రోజూ ఆ అక్షరాలు కూడబలుక్కునేవాడట. "పేపరులో చదివింది కాదురా, ఇత్తడి మీద చదివాను. గ్లాస్గో అని."

డాంకాస్టర్ పెద్దాయన వెంటనే అడిగారు. "బిళ్ల ఏ ఆకారం?"

"గుండ్రంగా ఉండేది."

"గుండ్రం హైడ్ పార్క్ వర్క్స్‌ది. క్వీన్స్ పార్క్ వర్క్స్‌ది అయితే వజ్రం ఆకారం. మీది ఉత్తరాన, స్ప్రింగ్‌బర్న్‌లో పుట్టింది." ఇన్నాళ్లూ వాదనలో లేని వర్క్‌షాపు బిళ్లల ఆకారాలు ఆయనకు కంఠతా ఉన్నాయని అప్పుడు తెలిసింది.

1903లో మూడు కంపెనీలు కలిసి నార్త్ బ్రిటిష్ అయింది. 1950లో తొలి డబ్ల్యూజీలు ఇక్కడి నుంచే వచ్చాయి. డీజిల్ కాలంలో నిలదొక్కుకోలేక 1962లో దివాలా తీసింది. స్ప్రింగ్‌బర్న్‌లో ఇప్పుడు షెడ్లు లేవు. ఫ్లెమింగ్టన్ వీధిలో ఆఫీసు భవనం మిగిలింది. గుమ్మం పైన రాతిలో ఒక ఇంజను ముఖం చెక్కి ఉంది, ఎదురుగా వస్తున్నట్టు. కింద నుంచి ఎవరో ఉద్యోగులు కార్డులు చూపించి లోపలికి వెళ్తున్నారు.

మామయ్య ఫోటో తీసి బిట్రగుంటలో ఉన్న తన పాత డ్రైవరుకు పంపాడు. తొంభై దగ్గరపడిన మనిషి. నిమిషంలో గొంతు వచ్చింది ఫోనులో. "ఇదెక్కడరా? పొగపెట్టె తలుపు సరిగ్గా బిగించలేదు చూడు."

డాంకాస్టర్ పెద్దాయన నవ్వి, అయిదు రోజులుగా ఎవరూ అడగనిది అడిగారు. "మీకు ఇష్టమైన ఇంజను ఏది?"

మామయ్య తరగతి పేరు చెప్పలేదు, నంబరు చెప్పాడు. తాను మూడేళ్లు బొగ్గు వేసిన ఒకే ఒక్క ఇంజను నంబరు. ఆ చిన్న పుస్తకం చివరి ఖాళీ పేజీలో పెద్దాయన దాన్ని పొందికగా రాసుకున్నారు. అలవాటుగా స్కేలు తీసి, మళ్లీ జేబులో పెట్టేశారు.

"గీత?" అన్నాడు మామయ్య.

"నేను చూడలేదు కదా."

మామయ్య చెయ్యి చాచి పెన్ను, పుస్తకం తీసుకున్నాడు. స్కేలు అడగలేదు. గోడకు ఆనించి, నంబరు కింద నిదానంగా గీత గీశాడు.